మట్టిలో పనిచేసే కందిరీగలు

కందిరీగ అన్న మాట వినగానే మనకు రెండు విషయాలు స్ఫురిస్తవి. ఒకటి, ప్రాణం జిల్లుమనిపించే దాని కుట్టు. రెండవది, ఇంటి చూరు క్రిందనో, దూలము చివరనో అది కట్టుకొనే గూడు. ఈ రెండింటితోనూ సంబంధం లేని కందిరీగలు కూడా ఈ లోకంలో ఉన్నవి. అవి గూడు కట్టవు. మనిషి జోలికి రావు. నువ్వుగింజ పొడవున్న నల్లని శరీరంతో, రాలిన ఆకుల అడుగున, చెమ్మగిల్లిన మట్టి సందులలో తిరుగుతూ కాలం గడుపుతవి. వాటికి నిలయమైన నేలమీదనే మనం నిత్యమూ నడుస్తున్నాము. ఐనా వాటిని చూచినవారు మనలో అరుదు.

శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి డయాప్రియిడే అని పేరు పెట్టారు. మన వాడుక భాషలో దీనికి వేరే పేరు లేదు. కంటికి ఆననిదానికి నోట పేరు పుట్టదు గదా! కాని పేరైనా ఎరుగని ఈ జీవులతో మన పండ్లతోటలకు చుట్టరికం ఉన్నది. ఆ చుట్టరికం ఎట్టిదో తెలియవలెనంటే ముందుగా పండు ఈగ కథ తెలుసుకోవాలి.

మామిడి పండించే ప్రతి రైతూ పండు ఈగను ఎరుగును. అది ఇంటి ఈగ అంత ఉంటుంది. ఒంటిమీద గోధుమవన్నె, పసుపువన్నె గుర్తులుంటవి. బాక్ట్రోసెరా డార్సాలిస్ అనేది దాని శాస్త్రీయ నామం. కాయ ముదిరి పక్వానికి వచ్చే వేళకు ఆడ ఈగ దానిమీద వాలి, పొట్టచివరనున్న సూదివంటి అవయవంతో తొక్కను గ్రుచ్చి, లోపల గుడ్లు పెడుతుంది. గుడ్లు పొదిగి తెల్లని పురుగులు పుట్టి, కండను తింటూ పెరుగుతవి. పైకి చిన్న మచ్చ తప్ప మరేమీ కనిపించదు. పండు కోసినప్పుడుగాని లోపలి సంగతి బయటపడదు. నూజివీడులోనైనా, చిత్తూరులోనైనా, కొల్లాపూరులోనైనా, జగిత్యాలలోనైనా, మంచి పండు అనుకొని కోసి, లోపల కదిలే పురుగులను చూచి పారవేయని ఇల్లు ఉండదు.

ఈ నష్టం ఇంటితో ఆగేది కాదు. భారతదేశం నుంచి వచ్చిన సరుకులలో పండు ఈగలు బయటపడిన కారణంగా, ఐరోపా సమాజపు దేశాలు 2014 మే 1వ తేదీ నుంచి మన మామిడిపండ్ల దిగుమతిని నిషేధించినవి. సరుకు పరీక్షలోను, శుద్ధిలోను మన ఏర్పాట్లు మెరుగుపడిన తరువాత, 2015 ప్రారంభంలోగాని ఆ నిషేధం తొలగలేదు. ఇంటి ఈగ అంత పురుగు ఒక దేశపు వర్తకానికి అడ్డు నిలువగలదని ఆ సంవత్సరం మనకు తెలిసివచ్చింది.

ఇక పండులోని పురుగు ఏమవుతుందో చూద్దాము. ఎదుగుదల పూర్తి కాగానే అది పండును విడిచి నేలకు చేరుతుంది. కాళ్ళు లేని ఈ పురుగు తన శరీరాన్ని విల్లువలె వంచి, ఒక్కసారిగా విడిచి, చెంగున దూకగలదు. అట్లా దూకి, ప్రాకి, మెత్తని మట్టి దొరకిన చోట లోపలికి దిగుతుంది. సాధారణంగా కొద్ది సెంటీమీటర్ల లోతుననే ఆగుతుంది. అక్కడ దాని చర్మమే బిగుసుకొని, గట్టిపడి, వడ్లగింజ ఆకారంలో ఒక గుల్లగా మారుతుంది. ఆ గుల్లలో పురుగు కరగి, ఈగగా రూపొందుతుంది. ఈ దశనే ప్యూపా దశ అంటారు.

రైతు చేతిలోని ఆయుధాలను ఒకసారి తలచుకోండి. చెట్టుమీద చల్లే మందులు ఎగిరే ఈగకోసం. మిథైల్ యూజినాల్ అనే వాసనద్రవ్యం పెట్టిన బుట్టలు మగ ఈగలను ఆకర్షించి పట్టడంకోసం. కాయలకు తొడిగే సంచులు ఆడ ఈగను దూరంగా ఉంచడంకోసం. ఇవన్నీ కొమ్మమీద, కాయమీద, గాలిలో జరిగే యుద్ధానికి పనికివచ్చేవి. మట్టిలో దాగిన గుల్లను ఇవి తాకలేవు. అక్కడ ఈగకు రక్షణ దొరకినట్లే కనిపిస్తుంది. కాని ఆ చోటుకు కూడా దారి తెలిసిన వేటగాండ్రు ఉన్నారు. వారిలో చీమలు ఉన్నవి, నేలమీద తిరిగే పెంకుపురుగులు ఉన్నవి, అనేక కుటుంబాల కందిరీగలూ ఉన్నవి. డయాప్రియిడే వాటిలో ఒక కుటుంబం.

ఈ కందిరీగను భూతద్దం క్రింద చూచినప్పుడు మొదట ముఖం మన దృష్టిని ఆకర్షిస్తుంది. సాధారణంగా కీటకాల మీసాలు ముఖానికి అతికించినట్లుంటవి. దీని ముఖం మధ్య మాత్రం చిన్న అరుగువంటి ఎత్తు ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. మీసాలు ఆ అరుగుమీదనుంచి మొలుస్తవి. మొదటి కణుపు పొడవుగా ఉండి, ఆ పైన మోచేతివలె మడతపడుతుంది. ఈ అరుగు, ఈ మీసాలే కుటుంబపు గుర్తులు. శరీరం నునుపుగా, నిగనిగలాడుతూ, నలుపు లేక ముదురు గోధుమవన్నెలో ఉంటుంది. పొడవు సాధారణంగా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. రెక్కలలో ఈనెలు చాలా తక్కువ. కొన్ని జాతులలో ఆడవాటికి రెక్కలు పొట్టిగా ఉంటవి. మరికొన్నింటిలో అసలు ఉండవు. మట్టిలో దూరి బ్రతికేదానికి రెక్కలు ప్రతిచోట తగులుకొనే అంగవస్త్రం వంటివి. కోప్టెరా అనే తెగకు రెక్కలు ఉన్నవి. కాని అది వాటిని నిలువునా మడచుకోగలదు.

వెలుగులేని చోట దీనికి కండ్లతో పని తక్కువ. ఆడ కందిరీగ మీసాలతో మట్టిని తడుముతూ, వాసన పట్టుకొంటూ నడుస్తుంది. గుల్ల తగలగానే దానిపైకెక్కి, ఈ చివరనుంచి ఆ చివరవరకు మీసాలతో కొట్టి పరీక్షిస్తుంది. లోపల ఉన్నది తనకు తగినదని తోచినప్పుడు, పొట్టలోపల దాచుకొన్న సన్నని సూదిని బయటికి చాపి, గుల్లను తొలిచి, లోపలి ప్యూపా శరీరంలో గుడ్డు పెడుతుంది. ఇతర కందిరీగలలో మనలను కుట్టే ముల్లు కూడా ఈ గుడ్లుపెట్టే సూదినుంచి పరిణమించినదే. అక్కడ అది ఆయుధమైనది. ఇక్కడ అది ఇంకా తన పాత పనిలోనే ఉన్నది.

గుడ్డునుంచి పుట్టిన కందిరీగ పిల్ల ఈగ శరీరాన్ని లోపలనుంచి తినడం ఆరంభిస్తుంది. తిని, పెరిగి, ఆ గుల్లలోనే తానూ ప్యూపాగా మారుతుంది. ఈగ బయటికి రావలసిన రోజులు గడచిపోయిన తరువాత ఆ గుల్లనుంచి వెలువడేది ఈగ కాదు, కందిరీగ. ఈగ కట్టుకొన్న కోట ఈ విధంగా శత్రువుకు పురిటిల్లవుతుంది.

ఇటువంటి జీవనాన్ని ఏమని పిలవాలి? పేనునో, కడుపులోని ఏలికపామునో మనం పరాన్నభుక్కు అంటాము. పరాన్నభుక్కు సాధారణంగా తాను ఆశ్రయించిన జీవిని చంపదు. చంపితే తన కూడు తానే పోగొట్టుకొన్నట్లవుతుంది. పులి వేటమృగం, అది అనేక జంతువులను చంపి తింటుంది. ఈ కందిరీగ ఈ రెండింటికీ నడుమ ఉన్నది. ఒక్క జీవినే ఆశ్రయిస్తుంది, చివరకు దానిని తప్పక చంపుతుంది. ఈ తేడాను గుర్తించి ఫిన్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు రాయిటర్ 1913లో ఇట్టివాటికి పారాసిటాయిడ్ అనే పేరును ప్రతిపాదించాడు. ఆ పేరే నేడు కీటకశాస్త్రంలో స్థిరపడింది.

మట్టిలో జరిగిన ఈ సంగతికి సాక్ష్యం కూడా మట్టిలోనే దొరుకుతుంది. ఖాళీ గుల్లను చేతిలోకి తీసుకొని చూస్తే, దానిలోనుంచి ఎవరు బయటపడినదీ చెప్పవచ్చు. ఈగకు కొరికే దవడలు లేవు. బయటికి వచ్చే వేళకు అది తన నుదుటిమీద ఒక సంచిని బుడగవలె ఉబ్బించి, ఆ బలంతో గుల్ల మూతను నెట్టి తెరుస్తుంది. కనుక ఈగ విడిచిన గుల్లకు ఒక కొస మూత తీసిన బరిణవలె చక్కగా విడిపోయి ఉంటుంది. కందిరీగకు దవడలున్నవి. అది గోడను కొరికి, అంచులు గరుకుగా ఉన్న రంధ్రం చేసుకొని వస్తుంది. మూత తెరచిన గుల్లలెన్ని, రంధ్రం పడిన గుల్లలెన్ని అని లెక్కించినవారికి ఆ తోట నేలలో ఎవరిది పైచేయిగా ఉన్నదో తెలిసిపోతుంది.

పండు ఈగతోనే ఈ కుటుంబపు కథ ముగియదు. ఇప్పటికి పేరు పెట్టిన జాతులే రెండువేలకు పైగా ఉన్నవి. పేరు పెట్టనివి ఇంకా ఎక్కువేనని ఈ విద్యలో నిపుణుల అంచనా. వీటిలో ఒక పెద్ద శాఖ పుట్టగొడుగులలోను, కుళ్ళిన ఆకులలోను, బూజుపట్టిన కర్రలోను పెరిగే సన్నని దోమలవంటి ఈగలపై ఆధారపడుతుంది. మరొక శాఖ పేడలో, మురిగిన కాయకసరులో పుట్టే ఈగల గుల్లలను వెతుకుతుంది. నేలమీద రాలినది కుళ్ళి ఎరువుగా మారే ప్రతిచోటా ఈగజాతి పుడుతుంది. ఈగజాతి పుట్టిన ప్రతిచోటా దానిని అదుపులో ఉంచేవాటిలో ఈ కందిరీగలకూ పాలున్నది.

వీటికంటె వింతైనవి చీమల పుట్టలలో కాపురముండే జాతులు. చీమల కోటలోకి పరాయి పురుగు ప్రవేశించడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. ఐనా సొలెనోప్సియా ఇమిటాట్రిక్స్ అనే కందిరీగ ఐరోపాలో ఒక చిన్న చీమజాతి నడుమ నిర్భయంగా మసలుతుంది. ఆ పేరులోని రెండవమాటకు అనుకరించునది అని అర్థం. వాస్మన్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో దీనికి ఆ పేరు పెట్టాడు. దానికి రెక్కలు లేవు, ఆకారం చీమదే. అది మీసాలతో చీమను తట్టి అడుగుతుంది; చీమ దానికి నోటినుంచి ఆహారం అందిస్తుంది. మధ్య, దక్షిణ అమెరికాలలో దండుగా కదిలే చీమల వెంట నడిచే జాతులు మరికొన్ని ఉన్నవి. వాటిలో కొన్ని రెక్కలతో వచ్చి, చీమల దండులో చేరిన తరువాత ఆ రెక్కలను విడిచివేస్తవి. చుట్టమై వచ్చినవాడు పైపంచె తీసి దండెమీద వేసి, ఇంటివాడై కూర్చున్నట్లుంటుంది ఆ వ్యవహారం.

ఇంత విచిత్రమైన కుటుంబాన్ని శాస్త్రలోకం ఎట్లా గుర్తించింది? ఐర్లాండు దేశస్థుడైన అలెగ్జాండరు హెన్రీ హాలిడే 1833లో దీనిని ప్రత్యేక కుటుంబంగా నిర్దేశించాడు. అటుపిమ్మట అనేక దేశాలనుంచి వచ్చిన నమూనాలను పరీక్షించి, పేర్లు పెట్టి, 1916లో ప్రపంచంలోని జాతులన్నింటికీ ఒక బృహద్గ్రంథం వెలయించినవాడు జాన్ జాక్ కీఫర్. ఆయన లొరేను ప్రాంతంలోని బీచ్ అనే చిన్న పట్టణంలో క్రైస్తవాచార్యుడు, పాఠశాల ఉపాధ్యాయుడు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ విద్యను ముందుకు నడిపిన ప్రముఖుడు లూబొమీర్ మాస్నర్. చెకొస్లొవేకియాలో పుట్టి కెనడాలో పనిచేసిన ఆయన, మరొక శాస్త్రజ్ఞునితో కలిసి 2002లో అమెరికా ఖండాలలోని తెగలకు సమగ్రమైన వివరణ ప్రకటించాడు.

ఈ జ్ఞానం పొలానికి ఉపయోగపడగలదా అనే ప్రశ్న చాలకాలం క్రిందటనే పుట్టింది. 1910లో హవాయి ద్వీపాలలో మధ్యధరా పండు ఈగ బయటపడింది. ఆ ఈగ అక్కడికి కొత్త; కనుక దాని శత్రువులు అక్కడ లేవు. దాని పుట్టినిల్లు ఆఫ్రికా. అక్కడ దాని సహజ శత్రువులు ఉండి తీరవలెనని ఊహించి, హవాయి అధికారులు ఇటలీ దేశస్థుడైన ఫిలిప్పో సిల్వెస్ట్రీని వినియోగించారు. ఆయన నేపుల్సు సమీపాన పోర్టిచిలోని వ్యవసాయ విద్యాలయంలో ఆచార్యుడు. 1912లో బయలుదేరి పశ్చిమ ఆఫ్రికా తీరమంతా తిరిగి, ఈగ పట్టిన పండ్లను ప్రోగుచేసి, వాటినుంచి వెలువడిన కందిరీగలను పెంచుతూ, ఓడలమీద భూగోళంలో సగం దూరం ప్రయాణించి, 1913లో వాటిని ప్రాణంతో హొనొలూలుకు చేర్చాడు. ఆ బుట్టలలో మన డయాప్రియిడే కుటుంబంలోనిది కూడా ఒకటి ఉన్నది. కీఫర్ పండితుడు దానికి సిల్వెస్ట్రీ పేరే పెట్టాడు. నేడు దానిని కోప్టెరా సిల్వెస్ట్రీ అంటున్నారు.

ఈ ప్రయాణం వల్ల హవాయిలో పండు ఈగ అంతరించిందని చెప్పడానికి వీలులేదు. తరువాతి కాలంలో అక్కడ ప్రధానంగా పనిచేసినవి వేరే కుటుంబపు కందిరీగలు. అవి ఈగ గుడ్డునో, పండులోని పురుగునో ఆశ్రయించేవి. ఐతే పండులోని పురుగును ఆశ్రయించేవాటికి ఒక ఇబ్బంది ఉన్నది. కండ మందంగా ఉన్న పెద్ద పండులో లోతుగా దూరిన పురుగును వాటి సూది అందుకోలేదు. అట్లా తప్పించుకొన్న పురుగు కూడా చివరకు మట్టికి దిగక తప్పదు. చెట్టుమీద విఫలమైన వేట నేలలో కొనసాగవలెనంటే మట్టిలో పనిచేసే కందిరీగ కావాలి.

ఈ ఆలోచనతోనే మెక్సికో దేశపు శాస్త్రజ్ఞులు కోప్టెరా హేవార్డీ అనే జాతిని శ్రద్ధగా పరిశీలించారు. ఈ జాతి అమెరికా ఖండపు పండు ఈగలకు సహజ శత్రువు. దీనిలో రెండు సుగుణాలు కనిపించినవి. మొదటిది, అది పండు ఈగ కుటుంబాన్నే పట్టుకొంటుంది. గుల్లలను వెతికే ఇతర కందిరీగలలో కొన్నింటికి ఇట్టి నియమం లేదు. అవి రైతుకు మేలుచేసే ఈగల గుల్లలనూ వదలవు. రెండవది, మరొక జాతి కందిరీగ పిల్ల ముందే చేరిన గుల్లను ఇది చాలవరకు గుర్తించి విడిచిపెడుతుంది. కనుక చెట్టుమీద ఒక కందిరీగను, నేలలో దీనిని కలిపి నియోగించినా ఒకదాని పని మరొకటి చెడగొట్టదు. ఇద్దరు కూలీలు ఒకే మడిలో పోట్లాడుకోకుండా, ఒకరు విడిచిన చాలు మరొకరు దున్నినట్లు పని సాగుతుంది.

అదే కుటుంబంలోని ట్రైకోప్రియా డ్రొసోఫిలే అనే జాతికి ఇటీవల మరింత పేరు వచ్చింది. తూర్పు ఆసియాకు చెందిన ఒక చిన్న పండు ఈగ 2008లో అమెరికాలోను, ఐరోపాలోను బయటపడి, చెర్రీ, స్ట్రాబెరీ తోటలను పాడుచేయసాగింది. దాని గుల్లలపై బ్రతకగల జాతులలో ట్రైకోప్రియా ముఖ్యమైనదని తేలినందున, ఇటలీ, మెక్సికో దేశాలలో దానిని పెంచి తోటలలో విడిచి చూచారు. ఈగల సంఖ్య తగ్గింది. కాని పూర్తిగా పోలేదు. ఈ విద్యలో అనుభవజ్ఞులు ఆశించేది కూడా అంతే. కందిరీగ ఈగను నిర్మూలించదు. నిర్మూలిస్తే తన సంతానానికి గూడు లేకుండా పోతుంది. అది ఈగను అదుపులో ఉంచుతుంది. ఆ పైన మిగిలిన పని మనిషిది.

ఇంత పని చేసే కుటుంబాన్ని మనం ఎందుకు ఎరుగము? పరిమాణం ఒక కారణం, నివాసం మరొకటి. వలతో పూలచుట్టూ తిరిగేవారికి సీతాకోకచిలుకలు దొరుకుతవి గాని ఇవి దొరకవు. 1905లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అంటోనియో బెర్లేసే మట్టి ప్రాణులను పట్టడానికి ఒక చక్కని ఉపాయం కల్పించాడు. జల్లెడ అమర్చిన గరాటులో ఆకుల చెత్తను, మట్టిని పోసి పైనుంచి వేడి తగలనిస్తారు. వేడికి, ఎండుదనానికి ఓర్వలేక లోపలి జీవులు క్రిందికి దిగుతూ, చివరకు గరాటు అడుగున పెట్టిన సీసాలో పడుతవి. గుప్పెడు చెత్తలో ఇంత ప్రపంచం ఉన్నదా అని దీనిని మొదటిసారి చూచినవారు విస్తుపోతారు.

దీనికంటె సులభమైన ఉపాయం ఇంట్లోనే చేసి చూడవచ్చు. పసుపువన్నె పళ్ళెమొకటి తీసుకొని, దానిలో నీళ్ళు పోసి, రెండుచుక్కల సబ్బునీరు కలిపి, చెట్ల నీడన, నేలమట్టానికి అమర్చండి. అనేక చిన్న కీటకాలు పసుపువన్నెకు ఆకర్షింపబడి వస్తవి. సబ్బు వల్ల నీటి పైపొర వాటి బరువుకు ఆగదు, అవి మునిగిపోతవి. మరునాడు ఆ నీటిని పలుచని గుడ్డమీద వడపోసి, భూతద్దంతో చూడండి. నల్లని నలుసులని తోచినవాటిలో కొన్నింటికి నాలుగు రెక్కలు, సన్నని నడుము, మోచేతివలె మడిచిన మీసాలు కనిపిస్తవి. మీసాలు ముఖంమీది అరుగునుంచి మొలిచి ఉంటే, ఈ కుటుంబంవారితో మీకు పరిచయం కలిగినట్లే. ఇంటి పిల్లలకు ఇంతకంటె మంచి ప్రకృతి పాఠం దొరకదు.

ఇప్పుడు మన కర్తవ్యం ఏమిటి? మొదటిది, రాలుపండ్ల సంగతి. రాలిన పండును చెట్టు క్రింద వదలిపెట్టడమంటే పండు ఈగకు పుట్టినిల్లు ఏర్పరచడమే. వాటిని ఏరివేయాలనే సలహా అందరూ ఇచ్చేదే; అది సరియైనదే. ఏరినవాటిని పైపైన పూడ్చితే ప్రయోజనం లేదు, ఈగలు మట్టిని త్రోసుకొని పైకి వస్తవి. హవాయిలోను, ఆ తరువాత హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ ద్వీపంలోను దీనికి ఒక చక్కని మార్గం అవలంబించారు. ఏరిన పండ్లను చిన్న డేరావంటి గుడారంలో వేస్తారు. గుడారం కప్పులో సన్నని కన్నుల వల ఉంటుంది. పండ్లనుంచి పుట్టిన ఈగలు ఆ కన్నులగుండా దూరలేక లోపలనే చస్తవి. వాటికంటె సన్నని శరీరం గల కందిరీగలు మాత్రం ఆ కన్నులగుండా బయటపడి, తిరిగి తోటకు చేరుతవి. దొంగను ఆపి దొరను పంపే ద్వారమన్నమాట. ఖర్చు స్వల్పం, బుద్ధి మాత్రం గొప్పది.

రెండవది, మట్టిలో పోసే విషం సంగతి. పండును విడిచిన పురుగు ఎట్లాగూ మట్టికి చేరుతుంది గదా అని, చెట్ల పాదులలో పురుగుమందు పోసే అలవాటు చాలచోట్ల ఉన్నది. విషానికి మిత్రుడెవరో, శత్రువెవరో తెలియదు. ఈగ ప్యూపా గట్టి గుల్లలో కదలక మెదలక పడి ఉంటుంది. దానికోసం మట్టిలో ప్రతి కణాన్ని తడుముతూ తిరిగే కందిరీగకు అటువంటి తొడుగు లేదు. చీమకు లేదు, పెంకుపురుగుకు లేదు. విషం చల్లిన నేలలో ముందు ఎవరు నశిస్తారో వేరే చెప్పనక్కరలేదు. కాపలావాడిని చంపి తలుపు వేసుకొన్నంత మాత్రాన ఇల్లు భద్రమనుకోవచ్చునా? తప్పనిసరి అయినప్పుడు మందు వాడవలసి రావచ్చు. కాని దానిని తోటంతా పోసే బదులు ఈగను ఆకర్షించే ఎరలో కలిపి, కావలసిన చోటనే పెట్టడం వివేకం. చెట్ల నడుమ పైపైన దున్నితే గుల్లలు ఎండకు, పక్షులకు, చీమలకు ఎర అవుతవి. ఆ పనికి విషం అక్కరలేదు.

మూడవది, నేలమీది ఆకుల సంగతి. శుభ్రమైన తోట అంటే ఆకులు ఒక్కటి లేకుండా ఊడ్చి తగులబెట్టిన తోట అని కొందరి అభిప్రాయం. రాలిన పండ్లను తీయవలసిందే. కాని ఆకులను తగులబెట్టితే వాటితో నేల చెమ్మ పోతుంది, నేలను బాగుచేసే జీవరాశి పోతుంది, ఈ చిన్న కందిరీగల నీడ కూడా పోతుంది. ఆకులను చెట్టు మొదట పరచి కుళ్ళనిస్తే నేలకు ఎరువు, కందిరీగలకు నీడ.

మన పంటలను కాపాడేవారి పట్టికలో రైతు పేరు ఉన్నది, శాస్త్రజ్ఞుని పేరు ఉన్నది, తేనెటీగకు, వానపాముకు కూడా ఇప్పుడిప్పుడే స్థానం దొరుకుతున్నది. నువ్వుగింజంత శరీరంతో, చీకటిలో, కూలి అడగక పనిచేసే ఈ కందిరీగల కుటుంబానికి ఇంకా ఆ పట్టికలో చోటు దొరకలేదు. వాటికి మనం చేయవలసిన ఉపకారం పెద్దదేమీ కాదు. వచ్చే మామిడి ఋతువులో చెట్టు పాదులో మందు పోయబోయే ముందు ఒక్క క్షణం ఆగి, గుప్పెడు మట్టి తీసి, దానిలోని ఖాళీ గుల్లలను ఏరి చూడండి. మూత తెరచిన గుల్లలే ఉన్నవా, రంధ్రం పడినవి కూడా ఉన్నవా? రంధ్రం పడిన గుల్ల ఒక్కటి కనిపించినా, ఆ నేలలో మనకంటె ముందే ఎవరో పనిలోకి దిగినారని గ్రహించి, వారి పనికి అడ్డురాకుండా ఉంటే అదే పదివేలు.